చలికాలంలో కరెంటు బిల్లు ఎందుకు పెరుగుతోంది? అమ్మగారి గదికి హీటర్ కొనవచ్చా?

తిరుపతిలో అద్దె ఇంట్లో నలుగురు ఉంటున్నామని, కార్తీకం దాటినప్పటి నుంచి నెలకు 200 యూనిట్లు కాలేది 250కి చేరిందని, ఇందుకు గీజరే కారణమా అని మీరు అడిగారు. చలికి నిద్రపట్టని మీ అమ్మగారి గదిలో రూమ్ హీటర్ పెట్టవచ్చా అని కూడా అడిగారు. మేము మదనపల్లెలో చాలా ఏళ్లు, ఆ తర్వాత తిరుపతిలో కాపురం ఉన్నాము. రెండు చోట్లా వయసు మళ్లిన మా అమ్మ మాతోనే ఉండేది కనుక ఈ రెండు ప్రశ్నలకూ అనుభవం మీదనే జవాబు చెబుతున్నాను. పెరిగినదానికి చాలావరకు గీజరే కారణం. హీటరు మాత్రం కొనకండి.

ముందు లెక్క చూద్దాం. ఒక లీటరు నీటిని ఒక డిగ్రీ వేడెక్కించడానికి ఒక కిలో కేలరీ కావాలి, ఒక యూనిట్ కరెంటు మొత్తం వేడిగా మారితే 860 కిలో కేలరీలు అవుతుంది. నలుగురూ తలా ఒక బకెట్, అంటే దాదాపు 80 లీటర్ల వేన్నీళ్లు పోసుకుంటారనుకుందాం. మిద్దె మీది ట్యాంకులో తెల్లవారుజామున 22 డిగ్రీలున్న నీటిని ఒంటికి హాయిగా ఉండే 40 డిగ్రీలకు తేవాలంటే 80ని 18తో గుణించగా 1,440 కిలో కేలరీలు, అంటే రోజుకు 1.7 యూనిట్లు, నెలకు 50 యూనిట్లు. మీకు పెరిగింది సరిగ్గా అంతే. మన రాష్ట్రంలో 2022లో సవరించిన శ్లాబుల ప్రకారం 126 నుంచి 225 వరకు యూనిట్‌కు 6 రూపాయలు, 226 నుంచి 400 వరకు 8.75 రూపాయలు, ఆపైన 9.75 రూపాయలు. ఈ 50 యూనిట్లలో సగం మొదటి రేటులో, సగం రెండో రేటులో పడతాయి కనుక, సర్దుబాటు ఛార్జీలను పక్కన పెడితే మీ మీద పడిన అదనపు భారం సుమారు 369 రూపాయలు. శ్లాబు దాటితే మొత్తం యూనిట్లకూ పెద్ద రేటు వేస్తారని చాలామంది భయపడతారు కానీ, దాటిన యూనిట్లకు మాత్రమే ఆ రేటు పడుతుంది.

అయితే గీజరు ఖర్చంతా మనం వాడుకున్న నీళ్లదే అనుకోకూడదని తిరుపతికి వచ్చిన మొదటి చలికాలంలోనే నాకు తెలిసింది. బిల్లు అంతుపట్టక మీటరే చెడిపోయిందేమో అనుకున్నాను, ఒక ఎలక్ట్రీషియన్ కూడా అదే అన్నాడు. ఒక రాత్రి ఇంట్లో లైట్లు, ఫ్యాన్లు అన్నీ ఆపి, ఫ్రిజ్ ప్లగ్గు తీసి, మెట్ల కింద ఉన్న మీటరు ముందు నిలబడ్డాను. దాని మీద 3200 అని రాసి ఉంది, అంటే ఎర్ర దీపం 3,200 సార్లు మినుక్కుమంటే ఒక యూనిట్ అయినట్టు. ఏమీ వాడనప్పుడు ఆ దీపం కదలకూడదు. కొంతసేపు అలాగే ఉండి, ఉన్నట్టుండి సెకనుకు దాదాపు రెండు మినుకుల చొప్పున కొట్టుకోవడం మొదలుపెట్టింది, ఏడెనిమిది నిమిషాలకు ఆగిపోయింది. ఆ వేగానికి సరిపోయే 2,000 వాట్ల వస్తువు మా ఇంట్లో గీజరు ఒక్కటే. వెళ్లి చూస్తే దాని స్విచ్చు వేసే ఉంది. స్విచ్చులోని చిన్న సూచిక దీపం ఎప్పుడో కాలిపోవడంతో, అది రాత్రింబవళ్లు పనిచేస్తున్న సంగతి మాలో ఎవరమూ గమనించలేదు. నీళ్లు చల్లారడం, మళ్లీ కాగడం, ఇదే రోజంతా జరుగుతోంది. పైగా వాష్‌బేసిన్‌లో చేతులు కడుక్కున్న ప్రతిసారీ, వేన్నీళ్లు కుళాయి దాకా రాకముందే, గీజరు ట్యాంకులోకి చన్నీళ్లు చేరుతున్నాయి.

మీరు కూడా ఒక రాత్రి ఈ పరీక్ష చేయండి. ఇంటి యజమానితోనో, కరెంటు ఆఫీసుతోనో మాట్లాడేముందు చేతిలో ఒక ఆధారం ఉంటుంది. గీజరు మీది నక్షత్రాల లేబుల్‌ను కూడా చదవండి. వాడకపోయినా 24 గంటల్లో ఎంత కరెంటు వృథా అవుతుందో అందులో ముద్రించి ఉంటుంది. థర్మోస్టాట్ తిప్పే వీలుంటే 60 డిగ్రీల దగ్గర ఉంచండి, స్నానానికి పావుగంట, ఇరవై నిమిషాల ముందు స్విచ్చు వేసి, స్నానాలు అయ్యాక ఆపేయండి. పొదుపు పేరుతో 40, 45కు తగ్గించి నీళ్లను రోజుల తరబడి నిలవ ఉంచితే సూక్ష్మజీవులు పెరుగుతాయి కనుక ఆ పని వద్దు. బోరు నీళ్ల ఉప్పు కాయిల్ మీద గట్టిగా పేరుకుంటుంది. దాని వల్ల బిల్లు పెద్దగా పెరగదు కానీ, కాయిల్ లోపల వేడెక్కి త్వరగా కాలిపోతుంది. ఏడాదికోసారి విప్పించి శుభ్రం చేయించండి.

మాకు నిజంగా మేలు చేసింది నీళ్ల వేళను మార్చుకోవడం. భూమి లోతున నీటి వేడి ఏడాది పొడుగునా పెద్దగా మారదు. అందుకే చలికాలం తెల్లవారుజామున బోరు మోటారు వేస్తే నీళ్లు గోరువెచ్చగా వచ్చేవని మన పల్లెల్లో పెద్దవాళ్లు ఇప్పటికీ చెబుతారు. మా ఇంట్లో థర్మామీటర్ పెట్టి చూశాను. రాత్రంతా మంచుకు చల్లబడిన ట్యాంకు నీళ్లు 22 డిగ్రీలు, అప్పుడే బోరు నుంచి వచ్చినవి 28 డిగ్రీలు. పైన చెప్పిన 80 లీటర్లకు ఆ ఆరు డిగ్రీల తేడాతో నెలకు 17 యూనిట్ల దాకా తగ్గుతాయి. ధనుర్మాస పూజ కోసం తెల్లవారకముందే స్నానం చేసేవారికి ఇది బాగా పనికొస్తుంది. మీది మునిసిపాలిటీ నీళ్లు వచ్చే అపార్ట్‌మెంట్ అయితే, వీలున్నవాళ్లు సాయంత్రం నాలుగు, అయిదు గంటల మధ్య స్నానం చేయవచ్చు. పగలంతా ఎండకు కాగిన నల్ల ట్యాంకులో నీళ్లు ఆ వేళకు వెచ్చగానే ఉంటాయి. మా అమ్మ స్నానాన్ని సాయంత్రానికి మార్చాము, ఆమెకూ అదే సుఖంగా ఉండింది.

సొంత ఇల్లు కట్టుకున్నప్పుడు సోలార్ వాటర్ హీటర్ పెట్టించుకోండి. తిరుమల కొండ మీద వేలమందికి వంట చేసేందుకు 2002లోనే సూర్యరశ్మితో ఆవిరి పుట్టించే ఏర్పాటు చేశారంటే మన దగ్గర ఎండకు కొరత లేదని అర్థమవుతుంది. కానీ మనకు నవంబరు, డిసెంబరుల్లో ఈశాన్య రుతుపవనాల ముసురు పడుతుంది, వేన్నీళ్లు అవసరమైన రోజుల్లోనే మబ్బు పడుతుంది. అందువల్ల లోపల కరెంటు కాయిల్ కూడా పెట్టించి, దాని స్విచ్చును ముసురు రోజుల్లో మాత్రమే వేసేలా చూసుకోవాలి.

ఇక హీటరు సంగతి. 1,500 వాట్ల హీటరు రాత్రికి ఆరు గంటలు ఆగకుండా నడిస్తే 9 యూనిట్లు, నెలకు 270. మీ 250 మీద ఇవి చేరితే శ్లాబుల లెక్కన 2,480 రూపాయలు అదనం. నూనె నింపిన హీటరు తక్కువ కరెంటు తింటుందని దుకాణంలో చెబుతారు, నమ్మకండి. కాయిల్ ఏదైనా ఒక యూనిట్‌కు వచ్చే వేడి ఒక్కటే, నూనె దాన్ని కొంతసేపు నిలుపుతుంది, అంతే. గదిని వేడి చేసి తీరాల్సి వస్తే, చల్లదనమూ వేడీ రెండూ ఇచ్చే ఇన్వర్టర్ ఏసీ అదే కరెంటుకు దాదాపు మూడింతల వేడి ఇస్తుంది, ఎందుకంటే అది బయటి గాలిలోని వేడిని లోపలికి మోసుకొస్తుంది. నిప్పుల కుంపటిని మాత్రం మూసిన గదిలో ఎట్టి పరిస్థితిలోనూ పెట్టకండి. దాని నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

తిరుపతి చలికి గదిని కాదు, మనిషిని వెచ్చగా ఉంచితే చాలు. మదనపల్లెలో మరింత గట్టి చలిలోనూ మేము చేసింది ఇదే. కిటికీ సందులకు గుడ్డ పేలికలు కుక్కి, మంచాన్ని బయటి గోడ నుంచి మూరెడు దూరం జరిపి, పరుపు మీద ఒక కంబళి పరిచి, ఇంకోటి పైన కప్పేవాళ్లం. పడుకునే ముందు రబ్బరు సంచిలో లీటరు వేన్నీళ్లు పోసి పాదాల దగ్గర పెట్టేవాళ్లం. ఆ లీటరు కాచడానికి యూనిట్‌లో ఇరవయ్యో వంతు కరెంటు చాలు. మీ అమ్మగారికి షుగర్ ఉండి పాదాల్లో స్పర్శ తగ్గి ఉంటే కాలినా తెలియదు కనుక, సంచిని తువ్వాలులో రెండు చుట్లు చుట్టి, ముందు మీ మణికట్టు లోపలి వైపు ఆనించి చూసుకొని, ఆ తర్వాతే ఆమె దుప్పటి కింద పెట్టండి.