లిమిట్ తగ్గించారని కార్డు మూసేయకు అమ్మలూ

అమ్మలూ, నిన్న రాత్రి నీ మెసేజ్ చూశాను, బ్యాంకోళ్ళు నీ క్రెడిట్ కార్డు లిమిట్ 2 లక్షల నించి 80 వేలకి కోసేశారని, ఒళ్ళు మండి కార్డే క్లోజ్ చేసేస్తానని రాశావు. ఆ పని మాత్రం చెయ్యకు తల్లీ. 2020 లాక్‌డౌన్ టైంలో నాకూ ఇలాగే తగ్గించారు, నేను కోపంలో పన్నెండేళ్ళ పాత కార్డు తీసేయించాను, దాంతో ఉన్న కాస్త లిమిట్టూ పోయి మిగిలిన ఒక్క కార్డు మీదే భారం పడింది.

లిమిట్ తగ్గినంత మాత్రాన క్రెడిట్ స్కోరు, అదే అప్పిచ్చేముందు బ్యాంకులు చూసే మార్కు, పడదు. ఉన్న లిమిట్‌లో ఎంత వాడేస్తున్నావన్నదే ఆ స్కోరు లెక్కగట్టే సిబిల్ లాంటి బ్యూరోలు చూస్తాయి. నువ్వు నెలకి 50 వేలు గీకుతావు కదా, 2 లక్షల్లో అది 25 శాతం, అదే 50 వేలు 80 వేలల్లో 62 శాతం దాటిపోయింది. నువ్వు రూపాయి ఎక్కువ ఖర్చు పెట్టలేదు, ఒక్కరోజు లేటుగా కట్టలేదు, అయినా కాయితం మీద మాత్రం డబ్బుకి ఇబ్బంది పడుతున్న మనిషిలా కనపడతావు. 30 శాతం లోపు ఉంచమంటారే, అది రూలేం కాదు, కానీ హోమ్ లోన్‌కి వెళ్ళే ముందు పాటిస్తే మంచిది.

అందుకని ఇకమీదట డ్యూ డేట్ దాకా ఆగకు. బ్యాంకులు ఈ బ్యూరోలకి కనీసం 15 రోజులకోసారి మన బాకీల లెక్కలు పంపాలని 2025 జనవరి నించి ఆర్‌బీఐ రూలు పెట్టింది, కాబట్టి వారం వారం వాడింది వాడినట్టు కట్టేస్తూ ఉండు, ఏ రోజు చూసినా బాకీ 20, 25 వేలు దాటకుండా. కిరాణా, పెట్రోలు రెండో కార్డు మీదకి మార్చు. పెద్ద వస్తువు ఈఎంఐ మీద కొంటే ఆ బాకీ అంతా లిమిట్‌ని పట్టుకుని కూర్చుంటుంది, ఇప్పుడొద్దు. కంగారుపడి నాలుగు చోట్ల కొత్త కార్డులకి అప్లై చేశావంటే, బ్యాంకు నీ స్కోరు చూసిన ప్రతిసారీ అది ఎంక్వైరీగా నీ సిబిల్ రిపోర్టులో పడుతుంది, అదింకా చేటు.

ఇందులో నీ తప్పే ఉందనుకోకు. 2023 నవంబర్లో ఆర్‌బీఐ కార్డు బాకీల మీద బ్యాంకులకి రిస్క్ వెయిట్ 125 నించి 150 శాతానికి పెంచింది, అంటే తాకట్టు లేని అప్పుకి వాళ్ళు పక్కన పెట్టుకోవాల్సిన సొమ్ము పెరిగింది. అయినా ఎందుకు తగ్గించారో మెయిల్ పెట్టి అడుగు, జీతం పెరిగింది కదా, కొత్త పేస్లిప్పులు జతచెయ్యి, పాత లిమిట్ ఇమ్మని రాతపూర్వకంగా అడుగు.

సిబిల్ రిపోర్టు ఏడాదికోసారి ఫ్రీ, మిగతా మూడు బ్యూరోలు కూడా ఇస్తాయి, నీది నువ్వు చూసుకుంటే స్కోరు తగ్గదు. తప్పులుంటే కంప్లైంట్ పెట్టు, 30 రోజుల్లో సరిచెయ్యకపోతే రోజుకి 100 రూపాయలు వాళ్ళే నీకివ్వాలి. రిపోర్టు రాగానే నాకు వాట్సాప్‌లో పెట్టు, పాన్ నంబరు కనపడకుండా కొట్టేసి పంపు, ఆదివారం పొద్దున్న ఇద్దరం ఫోన్లో కూర్చుని లైను లైనూ చూద్దాం.

మావయ్య