గొంతు నొప్పికి వెళ్లినా బరువు ఎందుకు చూస్తారు?

ప్రశ్న: నా వయసు 43 ఏళ్లు, ఎత్తు 158 సెంటీమీటర్లు. రెండేళ్లుగా బీపీ మాత్రలు వాడుతున్నాను. క్లినిక్‌కు ఏ పని మీద వెళ్లినా ముందు బరువు చూస్తారు. మొన్న గొంతు నొప్పికి వెళ్లినా అంతే. చెప్పులతోనే మెషిన్ ఎక్కించి, 67 అని అందరికీ వినపడేలా చదివారు. ఇంట్లో చూసుకుంటే 65 ఉంటోంది. డాక్టరుగారు దాని గురించి ఒక్క మాట కూడా అనరు. ఇది నిజంగా అవసరమా? వద్దని చెప్పవచ్చా?
– ఒక పాఠకురాలు

సమాధానం: వద్దని చెప్పవచ్చు. పెద్దవారికి గొంతు నొప్పి మందు రాయడానికి సాధారణంగా బరువుతో పనిలేదు. అయినా చూడనివ్వండి అనే నా సలహా. మారాల్సింది చూసే పద్ధతి. పదిమంది ముందు బరువును పైకి చదవడం తప్పు. మీ రక్తపరీక్ష ఫలితాన్ని అలా బయటికి చదవరు కదా, బరువూ అలాంటి సమాచారమే. ‘పైకి చదవకుండా రాసుకోండి’ అని నర్సుకు నిస్సంకోచంగా చెప్పండి. అంకె చూస్తేనే మనసు పాడవుతుందనుకుంటే మెషిన్ ముఖం మీకు కనపడకుండా అటు తిరిగి నిలబడండి. అలా అడిగేవారు చాలామందే ఉంటారు.

ఏదో ఒక రోజు చూసిన బరువు డాక్టరుకు పెద్దగా ఏమీ చెప్పదు. తేదీలతో సహా రెండేళ్లుగా రాసి ఉంచిన బరువులు మాత్రం చాలా చెబుతాయి. తిండి తగ్గించకుండా, వ్యాయామం పెంచకుండా ఆరు నెలల నుంచి ఏడాది లోపు ఒంటి బరువులో 5 శాతం తగ్గితే కారణం వెతకాల్సిందే. 67 కిలోల మనిషికి అది మూడు కిలోల పైచిలుకు. ‘ఏమీ చేయకుండానే తగ్గాను డాక్టర్’ అని సంబరంగా చెప్పేవారిని చూస్తే నాకు భయం వేస్తుంది. షుగర్ అదుపు తప్పినా, థైరాయిడ్ గ్రంథి అతిగా పనిచేస్తున్నా, క్షయ, పేగుల జబ్బు, మానసిక కుంగుబాటు, కొన్ని రకాల క్యాన్సర్లు ఉన్నా మొదట కనిపించే మార్పు ఇదే కావచ్చు. పాత బరువు కాగితం మీద లేకపోతే ‘బట్టలు వదులయ్యాయి’ అన్న ఒక్క మాట మీదే ఆధారపడాలి. ఇక గుండె వైఫల్యం ఉన్నవారిలో రెండు మూడు రోజుల్లోనే రెండు కిలోలు పెరిగితే అది కొవ్వు కాదు, ఒంట్లో నిలిచిన నీరు. స్టెరాయిడ్లు, ఇన్సులిన్, కొన్ని మానసిక వ్యాధుల మందులు, మూర్ఛ మందులు బరువు పెంచుతాయి. ఎంత పెంచాయో తెలియాలంటే మందు మొదలుపెట్టిన నాటి బరువు ఉండాలి. పిల్లలకైతే చాలా మందుల మోతాదు లెక్కకట్టేదే బరువును బట్టి.

మీ 65, 67ల తేడాకు కంగారు పడకండి. చెప్పులు, బట్టలు, అప్పుడే తిన్న భోజనం, నెలసరికి ముందు ఒంట్లో చేరే నీరు అన్నీ లెక్కలోకి వస్తాయి. అరలీటరు నీళ్లు తాగి మెషిన్ ఎక్కితే అరకిలో పెరుగుతుంది. మెత్తటి చాప మీద పెట్టిన మెషిన్ తప్పు చూపిస్తుంది, గట్టి నేల మీద ఉండాలి. ఎక్కేముందు సున్నా దగ్గర ఉందో లేదో చూడాలి. రెండు వేర్వేరు మెషిన్ల అంకెలను పోల్చడం వల్ల ప్రయోజనం లేదు. ఎప్పుడూ ఒకే మెషిన్, ఇంచుమించు ఒకే వేళ, పలుచని బట్టలు, చెప్పులు లేకుండా చూసుకుంటే చాలు.

నిజానికి బరువుకన్నా ఎక్కువ నిర్లక్ష్యానికి గురయ్యేది ఎత్తు. చాలాచోట్ల రోగి చెప్పిందే రాసుకుంటారు. మడమలు గోడకు ఆనించి, చూపు తిన్నగా ఉంచి, నడినెత్తిన ముడి ఉంటే విప్పించి కొలవాలి. మీ సంగతే చూడండి. 158 సెంటీమీటర్లకు 67 కిలోలంటే బీఎంఐ (కిలోల్లో బరువును మీటర్లలో ఎత్తు వర్గంతో భాగిస్తే వచ్చే అంకె) 26.8. ఎవరో పొరపాటున 155 అని రాస్తే అది 27.9 అవుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు 2004లో ఆసియా జనాభాకు సూచించిన హద్దుల ప్రకారం 23 దాటితే ముప్పు మొదలు, 27.5 దాటితే ఎక్కువ ముప్పు. మూడు సెంటీమీటర్ల తప్పుతో మీరు ఒక గడిలోంచి ఇంకో గడిలోకి వెళ్లిపోతారు.

బీఎంఐ కూడా అంతిమ తీర్పు కాదు. ఈ సూత్రాన్ని 19వ శతాబ్దంలో రూపొందించిన బెల్జియం గణాంక శాస్త్రవేత్త కెట్లే జనసమూహాలను అధ్యయనం చేశారే గానీ రోగులను కాదు. కండకూ కొవ్వుకూ తేడా దానికి తెలియదు. అందుకే నడుమూ కొలవాలి. చివరి పక్కటెముకకూ తుంటి ఎముక పై అంచుకూ సరిగ్గా మధ్యన టేపు చుట్టి, మామూలుగా ఊపిరి వదిలిన క్షణంలో చూడాలి. ఆసియా మహిళల్లో 80 సెంటీమీటర్లు, మగవారిలో 90 దాటకపోతే మంచిది. ఎత్తులో సగం లోపు ఉండాలన్నది ఇంకో సులువైన లెక్క. మీకు అది 79. లాన్సెట్ డయాబెటిస్ అండ్ ఎండోక్రైనాలజీ పత్రిక నిపుణుల సంఘం కూడా 2025లో ఈ మాటే చెప్పింది. బీఎంఐ ఒక్కటే చూసి స్థూలకాయం ఉందని తేల్చవద్దని, నడుము లాంటి మరో కొలతతో సరిచూడాలని సూచించింది.

డాక్టరుగారి మౌనం నాకు నచ్చలేదు. రాసుకున్న అంకె గురించి రోగితో మాట్లాడకపోతే రాసి ఏం లాభం? అలాగని ‘బరువు తగ్గండి’ అని ఒక్క ముక్క చెప్పి పంపేసినా సరిపోదు. ఈసారి వెళ్లినప్పుడు ‘రెండేళ్ల క్రితం నా బరువెంత, ఇప్పుడెంత, నా బీపీకీ దీనికీ సంబంధం ఉందా’ అని మీరే అడగండి. బరువు అవసరానికి మించి ఉన్నవారు 5 నుంచి 10 శాతం తగ్గించుకున్నా బీపీ, షుగర్ మెరుగుపడతాయి. మీ విషయంలో మూడున్నర కిలోలతో మొదలుపెట్టవచ్చు. బీపీ మాత్రలు మాత్రం సొంతంగా ఆపకండి.

ఇంట్లో వారానికి ఒకసారి చూసుకుంటే చాలు. ఎప్పుడైనా బరువు గురించిన బెంగతో తిండి మానేయడం, తిన్నది కక్కేయడం వంటివి జరిగి ఉంటే ఇంట్లో చూసుకోవడం ఆపి, ఆ సంగతి డాక్టరుకు చెప్పండి. కారణం లేకుండా బరువు తగ్గుతూ పోతున్నా, కాళ్ల వాపు, ఆయాసంతో పాటు రోజుల వ్యవధిలో పెరుగుతున్నా, తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగకుండా వెంటనే వెళ్లండి.