కిడ్నీ మార్పిడి తర్వాత పేగులో లింఫోమా

ప్రశ్న: మా వారికి ఆరేళ్ల క్రితం కిడ్నీ మార్చారు. ఇచ్చింది మా అత్తగారు. కొన్ని నెలలుగా ఆయనకు కడుపునొప్పి, విరేచనాలు. మందుల వల్లే అనుకున్నాం. మలం నల్లగా వస్తుంటే ఎండోస్కోపీ చేశారు. చిన్నపేగులో పుండు ఉంటే ముక్క తీసి పరీక్షించి లింఫోమా, అంటే ఒక రకం తెల్ల రక్తకణాల క్యాన్సర్ అన్నారు. ఇమ్యూనిటీని అణిచే మందులు తగ్గించాలట. కిడ్నీ పోతుందేమోనని టెన్షన్‌గా ఉంది. జబ్బు తన కిడ్నీతోనే వచ్చిందని అత్తగారు కుమిలిపోతున్నారు.

జవాబు: అమ్మా, ముందు మీ అత్తగారి సంగతి. కిడ్నీ మార్పిడి తర్వాత వచ్చే లింఫోమా కణాలు చాలావరకు రోగి సొంత కణాలే. ఎప్‌స్టీన్-బార్ వైరస్ పెద్దవాళ్లలో దాదాపు అందరి ఒంట్లోనూ, బి కణాలనే తెల్ల రక్తకణాల్లో అణిగి ఉంటుంది. దాన్ని కాపలా కాసే టి కణాలను (ఇవీ తెల్ల రక్తకణాలే) మనం మందులతో బలహీనం చేస్తాం కాబట్టి కొందరిలో బి కణాలు అదుపు తప్పి పెరుగుతాయి. ఏళ్ల తర్వాత వచ్చేవాటిలో ఈ వైరస్ లేనివీ చాలానే ఉంటాయి. ఆవిడ చేసిన తప్పేమీ లేదు. ఈ మాట ఆవిడకు చదివి వినిపించండి.

విరేచనాలు ఇమ్యూనిటీని అణిచే మైకోఫెనోలేట్ అనే మందు వల్ల కూడా వస్తాయి. అందుకే ఈ జబ్బు ఆలస్యంగా బయటపడుతుంది.

మందులు తగ్గించడం వైద్యంలో మొదటి మెట్టు. 1984లోనే అవయవ మార్పిడి సర్జన్ స్టార్జల్ బృందం, ఇమ్యూనిటీని అణిచే సైక్లోస్పోరిన్ మందును తగ్గిస్తే కొన్ని గడ్డలు కరిగిపోవడం గమనించి రాసింది. సాధారణంగా మైకోఫెనోలేట్ ఆపి, అలాంటిదే అయిన టాక్రోలిమస్ మోతాదు తగ్గించి, స్టెరాయిడ్ కొనసాగిస్తారు. కిడ్నీని శరీరం తిరస్కరించే ప్రమాదం నిజమే. అందుకే కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్షను తరచూ చేస్తారు. మీ అంతట మీరు ఒక్క మాత్ర కూడా మానకండి, పెంచకండి. మందులు తగ్గించడం చాలకపోతే, లింఫోమా కణాల మీద సీడీ20 అనే ప్రొటీన్ ఉంటే, దానికి అతుక్కుని ఆ కణాలను చంపే రిటుక్సిమాబ్ మందు ఇస్తారు. తర్వాత అవసరమైతే కీమో. ఆ కీమో కూడా ఇమ్యూనిటీని అణుస్తుంది కాబట్టి ఆ రోజుల్లో కిడ్నీకి కొంత రక్షణ దొరుకుతుంది.

నన్నడిగితే ముందు మనిషి దక్కాలి. కిడ్నీ దెబ్బతిన్నా డయాలసిస్ ఉంది, జబ్బు పూర్తిగా తగ్గాక మళ్లీ మార్పిడికి అవకాశమూ ఉంటుంది. కిడ్నీ డాక్టరు, క్యాన్సర్ డాక్టరు కలిసి మాట్లాడుకునే నిర్ణయం తీసుకోవాలని గట్టిగా అడగండి.

పేగు గోడలో ఉన్న గడ్డ వైద్యం మొదలయ్యాక కరుగుతూ అక్కడ చిల్లు పడొచ్చు. ఉన్నట్టుండి భరించలేని నొప్పి వచ్చినా, పొట్ట బిగుసుకున్నా, రక్తం పడినా అర్ధరాత్రి అయినా ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి. స్టెరాయిడ్ వాడేవారిలో నొప్పి, జ్వరం అంతగా పైకి కనిపించకపోవచ్చు. ఆయన నీరసంగా, తేడాగా కనిపించినా చాలు, బయల్దేరండి.