పంది దాణా తినే తీరు చూసి బ్రీడింగ్‌కు ఎంచుకోవచ్చా?

ఎంచుకోవచ్చు, కానీ ఆ ఒక్కదాన్నే నమ్ముకుని కాదు. ఎలక్ట్రానిక్ ఫీడర్ చెవి ట్యాగును చదివి, పంది ఎప్పుడు వచ్చింది, ఎప్పుడు వెళ్లింది, తొట్టిలో ఎంత దాణా తగ్గింది అన్నవి ప్రతిసారీ నమోదు చేస్తుంది. రోజుకు ఎన్నిసార్లు, ఎంతసేపు, నిమిషానికి ఎన్ని గ్రాములు తిన్నదో వాటి నుంచే లెక్కగడతారు. ఈ లక్షణాల హెరిటబిలిటీ (పందుల మధ్య తేడాల్లో జన్యువుల వంతు) సాధారణంగా మధ్యస్థం, అంటే ఎంపికకు లొంగుతాయి.

వేగంగా తినే పంది త్వరగా పెరిగే అవకాశం ఎక్కువే. అంతమాత్రాన దాణాను పొదుపుగా వాడుతుందని కాదు, ఆ రెంటికీ జన్యు సంబంధం బలహీనం. పైగా ఎక్కువ తినేవాటినే ఎంచుకుంటూ పోతే వీపు కొవ్వు పెరుగుతుంది. అందుకే పెరుగుదల, కొవ్వు మందం, మొత్తం దాణాతో కలిపి, తినే తీరును ఇండెక్స్‌లో (పలు లక్షణాలకు తగిన విలువ కట్టి కలిపిన ఒకే స్కోరులో) సహాయక లక్షణాలుగానే వాడాలి.

అసలు చిక్కంతా డేటాలోనే. ట్యాగు చదవని రాకలు, సున్నా కంటే తక్కువ చూపే దాణా బరువులు, రెండు పందుల తిండి ఒకే ఖాతాలో పడటం, వీటిని ముందే ఏరేయాలి. ఫీడర్‌కు సాధారణంగా 10–15 పందులు ఉంటాయి. అంతకు మించి కుక్కితే బలహీనమైనవి తోపులాటలో వెనకబడి, తక్కువసార్లు వచ్చి గబగబా తింటాయి. అది జన్యువుల తేడా కాదు, ఇరుకు వల్ల వచ్చింది. కాబట్టి దొడ్డి, బ్యాచ్ ప్రభావాలను జన్యు విలువ లెక్కగట్టే గణాంక మోడల్‌లో తప్పక చేర్చాలి. ఫీడర్‌కు అలవాటు పడే తొలి రోజుల రికార్డులను పక్కన పెట్టడం మేలు.