ట్రాక్టర్లు వచ్చిన తరువాత కూడా ఒంగోలు ఎడ్లను ఇంత అపురూపంగా ఎందుకు చూసుకుంటున్నారు?

ప్రశ్న అడిగినవారి సందేహం ఇది: దుక్కి దగ్గర నుంచి ధాన్యం ఇంటికి చేర్చేదాకా అన్ని పనులూ యంత్రాలే చేస్తున్న ఈ రోజుల్లో, రాబడి లేని ఎడ్లజతను ప్రకాశం జిల్లా రైతులు అప్పుచేసి అయినా ఎందుకు మేపుతున్నారు, ఇదంతా గొప్ప కోసమేనా? గొప్ప కోసం మేపేవాళ్లు లేరని నేను అనను. అయితే గుండ్లకమ్మకూ మూసీకీ నడుమనున్న ఒక పల్లెలో (ఈ మూసీ హైదరాబాదులో పారేది కాదు, మా వైపు పారి సముద్రంలో కలిసే మరో ఏరు), ఎడ్లకొట్టం ఉన్న ఇంట్లో పుట్టి పెరిగినవాడిగా, ఆ ఒక్క మాటతో ఈ విషయం తేలిపోతుందని నాకు అనిపించదు. ట్రాక్టరు ఎక్కడో తయారై మా ఊరికి వస్తుంది, పాడైతే అలాంటిదే మరొకటి కొనుక్కోవచ్చు. ఒంగోలు గిత్తను తయారుచేసింది మాత్రం ఈ పల్లెలే. తరతరాలుగా ఏ దూడను ఉంచుకోవాలో, దేన్ని అమ్మాలో, ఏ ఆవును ఏ ఆబోతుకు కట్టాలో చూసుకుంటూ వచ్చిన రైతుల నిర్ణయాలన్నీ కలిసి ఆ పశువు రూపంలో నిలబడి ఉన్నాయి. ఒక్క తరం ఊరుకుంటే ఆ వరుస తెగిపోతుంది. ఈ సంగతి తెలిసినవాళ్లు కనుకనే మా వాళ్లు దానిని వదులుకోలేకపోతున్నారని నా అభిప్రాయం.

ఇది ఏదో ఒక ఇంటి పట్టుదల వల్ల నిలిచిన జాతి కాదని చెప్పడానికి ఆబోతు సంగతి చెప్పాలి. పూర్వం మా ప్రాంతంలో ఇంటి పెద్ద కాలం చేసినప్పుడు, స్తోమత ఉన్న కుటుంబాలు ఆయన పేరిట ఒక కోడెను దేవుడికి విడిచేవి. ఆ కోడెను ఎంచడం ఆ ఇంటివారి ఇష్టానికే వదిలిపెట్టేవారు కాదని, నలుగురు పెద్దలు చుట్టుపక్కల ఊళ్లు తిరిగి, తల్లి పాలివ్వడం ఎలాంటిదో, తండ్రి ఏ మందలోదో విచారించి, మూపురం, ఛాతీ, గిట్టలు, నడక, ఒంటిమీది సుడులు అన్నీ చూసి, తప్పు లేదనుకున్న తరువాతే బేరానికి దిగేవారని మా తాత చెప్పేవాడు. విడిచిన తరువాత అది ఊరందరిదీ. ఎవరి చేలో పడి మేసినా అదిలించి పంపేవారే తప్ప కర్ర ఎత్తేవారు కాదు. దాని మేపు ఖర్చును ఊరు ఊరంతా తలా కొంచెం మోసేదన్నమాట. అందుకు ఫలితంగా ఒక్క ఆవు మాత్రమే ఉన్న బీద రైతుకు కూడా ఊళ్లోకెల్లా మేలైన ఆబోతు దూడ దక్కేది. చనిపోయినవారి మీది భక్తి, బతికున్నవారి వ్యవసాయం ఒకే ఆచారంలో ఇంత చక్కగా కలిసిపోవడం నాకు చాలా గొప్పగా కనిపిస్తుంది. మందను మెరుగుపరిచే ప్రభుత్వ పథకాలు రాకముందే ఆ పనిని ఊరు తన పద్ధతిలో తాను చేసుకుంది.

జాతి లక్షణాలు చాలామందికి తెలిసినవే కాబట్టి క్లుప్తంగా చెబుతాను. తెల్లని ఒళ్లు, గిత్తలకు మెడ మీదా మూపురం మీదా బూడిద రంగు, పొట్టి కొమ్ములు, మడతలు పడి వేలాడే గంగడోలు, నల్లని ముట్టె, కాటుక దిద్దినట్టు కళ్ల చుట్టూ నలుపు, నల్లని తోక కుచ్చు. ఎండను ఓర్చుకోవడంలోనూ, గోమార్లనూ రోగాలనూ తట్టుకోవడంలోనూ, నల్లరేగడిలో బరువైన నాగలిని లాగడంలోనూ దీనికి పేరు. మా నేలలో సున్నం పాలు ఎక్కువ కనుక ఆ మేత తిన్న పశువుకు ఎముక గట్టిపడుతుందని పెద్దలు అంటారు.

ఇక మేపే సంగతి. దూరం నుంచి చూసేవాళ్లకు అందంగా అలంకరించిన ఎడ్లు కనిపిస్తాయి గాని, ఆ వెనుక ఉన్న చాకిరీ కనిపించదు. మా ఇంట్లో తెల్లవారకముందే లేచి కొట్టంలో పేడ తీసి, గాడిలో మిగిలిన చొప్ప ఊడ్చి, రాత్రి నానబెట్టిన ఉలవలను ఉడకబెట్టి, తవుడూ తెలగపిండీ కలిపి పెట్టడంతో రోజు మొదలయ్యేది. ఎండాకాలంలో జొన్నచొప్ప సన్నగా నరికి పెట్టాలి. పచ్చిమేత కోసం జనుము, పిల్లిపెసర చల్లుకోవాలి. మధ్యాహ్నం చెరువులో దించి ఒళ్లు రుద్ది కడగాలి. గిట్టలు అరిగితే నాడాలు కొట్టించాలి, కాడి ఒరుసుకున్న చోట మెడకు నూనె రాయాలి. మా అవ్వ ఎడ్లకు కుడితి పెట్టకుండా తాను అన్నం ముందు కూర్చోవడం నేను చూడలేదు. ఏరువాక పౌర్ణమి నాడు కడిగి పసుపు రాసి తొలి సాలు తోలడం, కనుమ నాడు కొమ్ములకు రంగులు వేసి మువ్వల పట్టెడలు కట్టి ఊరంతా తిప్పడం ఈ చాకిరీకి కొసరు మాత్రమే. పండుగ వల్ల పశువు మీద ప్రేమ పుట్టదు. పొద్దుటా సాయంత్రమూ దాని పక్కన నిలబడి, అది మేత మానేసిన రోజున తానూ సరిగ్గా తినలేకపోయిన మనిషికి అది పుడుతుంది. మనం దేనికి ఎక్కువ సేవ చేస్తామో దానినే ఎక్కువగా విలువైనదిగా చూస్తామని నేను గట్టిగా నమ్ముతాను. బిడ్డల విషయంలోనూ, పెద్దల విషయంలోనూ, ఊరి చెరువు విషయంలోనూ నాకు ఇదే కనిపించింది.

మా ఇంట్లోనూ ఈ ప్రశ్న ఒకసారి ఎదురైంది. అద్దె ట్రాక్టరు ఒక్క పూటలో పొలమంతా దున్ని పోతున్న కాలం. పైగా వరుసగా వానలు లేక గడ్డివాము అడుగంటింది. ఎడ్లకు కొనే మేత డబ్బుతో పిల్లల ఫీజులు తీరుతాయని మా అమ్మ అన్నది. ఆమె మాటలో న్యాయం ఉంది, మా నాయన కూడా కాదనలేదు. జతను అమ్మకానికి పెట్టగానే ఒక దళారి వచ్చి, తుండు కింద వేళ్లు పట్టుకుని బేరం చేసి, మేము అనుకున్నదానికంటే ఎక్కువే చెప్పాడు. అవి ఎక్కడికి పోతాయని అడిగితే సరిగ్గా బదులు చెప్పలేదు. మా నాయన చేయి వెనక్కు తీసుకున్నాడు. తరువాత కొన్నాళ్లకు అద్దంకి వైపు నుంచి వచ్చిన ఒక రైతు, జతను ముందుకీ వెనక్కీ నడిపించి చూసి, ఏం మేపుతున్నారు, ఏ వేళకు నీళ్లు పెడుతున్నారు, ఎడమ ఎద్దును కుడివైపు కడితే ఒప్పుకుంటుందా అని అడిగాడు. ధర తక్కువే అయినా ఆయనకే ఇచ్చాము. డబ్బు అవసరమై అమ్ముతున్నప్పుడు కూడా, అమ్మిన తరువాత అవి ఎలా బతుకుతాయన్నది మా నాయనకు బేరంలో భాగంగానే ఉంది. గొప్ప కోసం మేపే మనిషి ఇలా ఆలోచించడని నేను అనుకుంటాను, ఎందుకంటే అమ్మేసిన ఎద్దు వల్ల ఊళ్లో వచ్చే పేరు ఏమీ లేదు.

బ్రెజిల్ ప్రస్తావన లేకుండా ఒంగోలు పశువు గురించి ఎవరూ మాట్లాడరు, నేనూ వదలను. అక్కడ ఈ జాతిని నెలోర్ అంటారు, అది మన నెల్లూరు పేరే. 19వ శతాబ్దంలో పశువులు ఓడలెక్కినప్పుడు ఒంగోలు తాలూకా నెల్లూరు జిల్లాలో ఉండేది. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడినప్పుడు అందులో కలిసింది, 1970లో మా జిల్లా విడిగా ఏర్పడింది. ఇవాళ బ్రెజిల్‌లో 20 కోట్లకు పైగా పశువులుంటే వాటిలో అధికభాగంలో ఈ రక్తమే ఉంది. 1960లలో అక్కడికి చేరిన ఒక గిత్త అక్కడి మందలకు మూలపురుషుల్లో ఒకటిగా నిలిచింది. దానిని వాళ్లు కర్వాది అని పిలిచారు, ఒంగోలు పక్కనున్న మా కరవది ఊరి పేరుతోనే. 2023లో వియాటినా-19 అనే నెలోర్ ఆవుకు వేలంలో 40 లక్షల డాలర్లకు పైగా విలువ కట్టారన్న వార్త వచ్చినప్పుడు మా వైపు ఫోన్లన్నిటిలో ఆ బొమ్మే తిరిగింది.

ఆ వార్తకు సంతోషించినవాళ్లలో నేనూ ఒకడిని. అయినా అక్కడ వాళ్లు విలువిచ్చే తీరు వేరు, మనం విలువిచ్చే తీరు వేరు. వాళ్లు ప్రధానంగా మాంసం కోసం పెంచుతారు. ఈ మాట వినగానే మా ఊరి పెద్దలు ముఖం తిప్పుకుంటారు, వాళ్ల బాధ నాకు అర్థమవుతుంది. కానీ ఆ దేశపువాళ్లు ప్రతి దూడకూ తల్లిదండ్రుల వివరాలు రాసుకున్నారు, బరువులు తూచి లెక్కగట్టారు, మేలైన ఆవు నుంచి ఎక్కువ సంతతి తీయడానికి విజ్ఞానశాస్త్రాన్ని వాడుకున్నారు. ప్రేమ మన దగ్గర ఎక్కువే కావచ్చు, శ్రద్ధగా రాసి పెట్టుకోవడంలో మాత్రం వాళ్లు మనకంటే చాలా ముందున్నారు. ఒక జాతి నిలవాలంటే ఈ రెండూ కావాలి.

నన్ను ఎక్కువగా కలవరపెట్టే విషయం మరొకటి ఉంది. మా వాళ్లు అపురూపంగా చూసుకునేది ఎద్దును, ఆవును కాదు. బండలాగుడు పోటీల్లో (ఎడ్లజత రాతిబండను లాగే పోటీలు) గెలిచిన జతకు లక్షల్లో ధర పలుకుతుంది, ఫ్లెక్సీలు కడతారు, దానికి బాదంపప్పులూ కోడిగుడ్లూ పెట్టేవారూ ఉన్నారు. ఆ జతను కన్న ఆవు మాత్రం, ముర్రా గేదెతోనో జెర్సీ సంకరంతోనో పోలిస్తే పాలు తక్కువ ఇస్తుందన్న కారణంతో, అదే ఊళ్లో సంతకు తోలబడుతుంది. దానికి తోడు మేత నేలలు తగ్గిపోయాయి. ఒకప్పుడు జొన్న పండి చొప్ప మిగిలిన చేలల్లో పొగాకు వచ్చింది, ఆ తరువాత సుబాబుల్, జామాయిల్ తోటలు వచ్చాయి. ఆ తోటల కింద పశువు మేసే గడ్డి పెద్దగా ఉండదు. ఊరి బీళ్లు కూడా మిగలలేదు. మా జిల్లాలోని చదలవాడ పశుక్షేత్రం, గుంటూరు దగ్గర లాం పరిశోధన స్థానం వంటివి ఈ జాతిని కాపాడే పని చేస్తున్నాయి, కాని ఊళ్లల్లో ఆవులు లేకుండా రెండు మూడు క్షేత్రాలతో జాతి బతకదు.

బండలాగుడు పోటీల గురించి కూడా నా మాట చెబుతాను. సంక్రాంతికీ, తిరునాళ్లకూ జరిగే ఈ పోటీల్లో ఎడ్లను పళ్లను బట్టి, అంటే వయసును బట్టి, విడదీస్తారు. పాలపళ్లవి, రెండు పళ్లవి, నాలుగు పళ్లవి, ఆరు పళ్లవి, ఆపైన పెద్దవి అని విభాగాలుంటాయి. ఇచ్చిన సమయంలో ఏ జత బండను ఎన్ని అడుగుల దూరం లాగిందో కొలిచి బహుమతులిస్తారు. ఈ పోటీలే లేకపోతే పొలంపని పోయిన తరువాత గిత్తలను మేపే కారణం చాలా ఇళ్లల్లో ఎప్పుడో పోయి ఉండేది, ఆ మేలును నేను కాదనను. కానీ ముల్లుకర్రతో పొడవడం, తోక మెలిపెట్టడం చూసినప్పుడు నాకు బాధగా ఉంటుంది. కర్ర పట్టకుండా నోటిమాటతోనే జతను అదిలించి తోలే పనిమంతులు మా వైపు ఇప్పటికీ ఉన్నారు. కర్ర ముట్టినవాడి జతను బరి నుంచి తప్పించాలన్న నియమం పెడితే పోటీకి గౌరవం పెరుగుతుంది. బహుమతి తీసుకునే జతతో పాటు వాటి తల్లి ఆవును కూడా వేదిక దగ్గరకు తెప్పించి, దానిని అమ్మకుండా ఉంచుకున్న రైతుకు వేరుగా బహుమతి ఇస్తే ఇంకా మేలు జరుగుతుంది. మా ఊరి తిరునాళ్ల పెద్దల ముందు ఈ సూచన పెట్టాను. ఆవు బహుమతికి కొందరు ఒప్పుకున్నారు, కర్ర విషయంలో ఇంకా వాదన నడుస్తోంది.

మా తమ్ముడు ఇప్పుడు పొలం దున్నడానికి ట్రాక్టరునే పిలుస్తాడు. కొట్టంలో మాత్రం ఒక కోడెల జత, రెండు ఒంగోలు ఆవులు ఉన్నాయి. ఆవులకు సంకర వీర్యం వేయించడానికి వాడు ఒప్పుకోడు, అసలు జాతి వీర్యం దొరికేదాకా ఆగుతాడు. కిందటిసారి ఆడదూడ పుడితే ఎదురింటి పెద్దాయన కోడెదూడ పుట్టలేదే అని సానుభూతి చూపించాడు. ‘పెదనాయనా, కోడెలు కావాలంటే ముందు ఇది ఉండాలి గదా’ అని మా తమ్ముడు బదులు చెప్పాడు.