నీ పేపర్ వెతికేవాళ్లకి దొరకాలంటే

అమ్మా,

కాకతీయుల చెరువుల మీద నువ్వు రాసిన పేపర్ రెండుసార్లు చదివాను. పాకాల చెరువు తూముల గురించి రాసిన భాగం చాలా బాగుంది, అది పదిమంది కంట పడాలనే జర్నల్‌కి పంపేలోపు ఇవన్నీ చెబుతున్నాను.

ముందు ఆ టైటిల్ మార్చు. 'నీటి అద్దంలో నిన్నటి వెలుగు' వినడానికి బాగుంది కానీ పరిశోధన వ్యాసాలు వెతికే గూగుల్ స్కాలర్‌లో ఆ మాటలు ఎవరు టైప్ చేస్తారు? గణపతిదేవుడు, కాకతీయులు, పాకాల, చెరువులు, సాగునీరు - ఇవి కనపడాలి. ఇంగ్లిష్ సారాంశంలో ఇంకో చిక్కుంది. మనకి చెరువు ఒక్కటే మాట, ఇంగ్లిష్‌లో వెతికేవాళ్లు ఒకరు ట్యాంక్ అంటారు, ఒకరు లేక్ అంటారు, ఇంకొకరు రిజర్వాయర్ అంటారు, పాకాలని పాఖాల్ అని రాసేవాళ్లున్నారు, ఓరుగల్లు అని మాత్రమే రాస్తే వరంగల్ అని వెతికేవాళ్లకి నువ్వు దొరకవు. వీటిని వాక్యాల్లో సహజంగా ఒక్కోసారి రానివ్వు, అక్కడ ఇమడనివి కీవర్డ్స్‌లో పెట్టు. అలాగని ఒకే మాట పదిసార్లు ఇరికించకు, చివరికి చదివేది మనిషే కదా.

ఇక ఫాంట్. నేను దెబ్బతిన్నది ఇక్కడే. నా వ్యాసం ఒకటి పాత అను ఫాంట్లలో కంపోజ్ చేశారు. పీడీఎఫ్‌లో అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి, కాపీ చేసి చూస్తే అంతా ఇంగ్లిష్ అక్షరాల గజిబిజి! సెర్చ్ ఇంజిన్‌కి కనపడేదీ ఆ గజిబిజే. నా సొంత వ్యాసం నాకే దొరకలేదని తెలిసిన రోజు చాలా బాధపడ్డాను. నువ్వు తెలుగుని తెలుగు అక్షరాలుగానే దాచే యూనికోడ్‌లోనే వేయమని ఎడిటర్‌గారిని గట్టిగా అడుగు. ప్రూఫ్ రాగానే ఒక పేరా కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేసి చూడు. స్కాన్ చేసిన పేజీలైతే అసలు వద్దు. ఫొటోల బరువు కూడా తగ్గించు, ఫైలు 5 ఎంబీ దాటితే గూగుల్ స్కాలర్‌తో ఇబ్బంది.

నీ పేరు ఒకచోట ఇంటిపేరు ముందు, ఇంకోచోట వెనక రాస్తున్నావు. ఒకే పద్ధతి పెట్టుకుని ఆర్కిడ్ ఐడీ (పరిశోధకులకిచ్చే గుర్తింపు నంబరు) తీసుకో, ఉచితమే. ఆ 16 అంకెల నంబరు రేపు పేరు మారినా నీదే.

జర్నల్ ఒప్పందం చదివి, వాళ్లు ఒప్పుకుంటే అచ్చయ్యాక ఒక కాపీ వ్యాసాలు దాచే యూనివర్సిటీ రిపాజిటరీలోనో, అలాంటిదే ఆన్‌లైన్‌లో ఉన్న జెనోడోలోనో పెట్టు. జర్నల్ డీఓఐ (వ్యాసానికి ఇచ్చే శాశ్వత గుర్తింపు నంబరు) ఇచ్చి ఉంటే అక్కడా అదే వాడు.

సారాంశం తిరగరాసి శనివారంలోపు పంపు, ఆదివారం కూర్చుని చూస్తాను.