మూసుకుపోయిన క్యాన్యులాలోకి సెలైన్ నెట్టొద్దు

ప్రశ్న: మా నాన్నకు 62 ఏళ్లు, షుగర్ ఉంది. కాలి పుండుకు రోజూ రెండుపూటలా యాంటీబయాటిక్ ఇంజక్షన్లు రాసి, చేతికి క్యాన్యులా (మందు ఎక్కించడానికి నరంలో పెట్టే సన్నటి గొట్టం) ఉంచే ఇంటికి పంపారు. ఐదు రోజులైంది. ఊళ్లో ఆర్‌ఎంపీ చేస్తున్నారు. నిన్నటి నుంచి మందు ఎక్కట్లేదు. చెయ్యి ఎర్రబడింది, రాత్రి చలి పెట్టింది. ఫ్రిజ్‌లో సగం సెలైన్ బాటిల్ ఉంది. ఎంత ఎక్కిస్తే క్యాన్యులా తెరుచుకుంటుంది?
– ఒక పాఠకుడు, దేవరకొండ

జవాబు: సెలైన్ సంగతి తర్వాత. చెయ్యి ఎర్రబడిందంటే నరం వాచినట్టుంది. దానికి చలి తోడైతే ఇన్ఫెక్షన్ రక్తంలోకి చేరిందేమోనని అనుమానించాలి. చూడకుండా ఖాయంగా చెప్పలేను గానీ, షుగర్ ఉన్న మనిషిని రేపటిదాకా ఉంచొద్దు. నిన్ననే తీసుకెళ్లాల్సింది. ఈ రోజే దేవరకొండ ప్రభుత్వాసుపత్రికి వెళ్లండి. ఈ క్యాన్యులా తీసేసి, అవసరమైతే ఇంకోచోట పెడతారు. మగత, ఆయాసం ఉంటే 108కి ఫోన్ చేయండి.

ఫ్లష్ చేసేది, అంటే సెలైన్ నెట్టి కడిగేది, క్యాన్యులా మూసుకుపోకుండా ఉండటానికే, మూసుకుపోయాక తెరవడానికి కాదు. బలంగా నెడితే కొనలో గడ్డకట్టిన రక్తం లోపలికి పోవచ్చు, నరం చిట్లి మందు కండలోకి దిగొచ్చు. 2 మి.లీ. సిరంజీతో ఇంకా ప్రమాదం. అది సన్నగా ఉంటుంది కాబట్టి అదే బలానికి ఒత్తిడి ఎక్కువ. మామూలుగా మందుకు ముందూ తర్వాతా 10 మి.లీ. సిరంజీతో 3 నుంచి 5 మి.లీ. నార్మల్ సెలైన్ (0.9 శాతం) కొంచెం నెట్టి ఆపి, మళ్లీ నెడుతూ ఇవ్వాలి. చివరి అర మి.లీ. నెడుతుండగానే క్లాంప్ (గొట్టాన్ని నొక్కి మూసే క్లిప్) వేయాలి, లేదంటే రక్తం వెనక్కొచ్చి కొనలో గడ్డకడుతుంది. సిరంజీ పెట్టే చోటును స్పిరిట్ దూదితో 15 సెకన్లు రుద్ది, ఆరనివ్వాలి. తడి ఆరకముందే పెడితే తుడిచీ లాభం లేదు. నొప్పి వచ్చినా, సిరంజీ బిగుసుకున్నా అక్కడితో ఆపేయాలి.

ఆ ఫ్రిజ్ బాటిల్ ఇప్పుడే పారేయండి. సెలైన్‌లో క్రిముల్ని చంపే మందేదీ ఉండదు. ఒకసారి సూది గుచ్చిన బాటిల్లో క్రిములు చేరితే ఫ్రిజ్ చల్లదనానికి చావవు. ఇన్నాళ్లూ దాంతోనే ఫ్లష్ చేసి ఉంటే, చలికి కారణం అదే కావచ్చు. ఆ మాట అక్కడి డాక్టరుకు దాచకుండా చెప్పండి. మిగిలిందని సెలైన్ దాచుకోవడం చాలా ఇళ్లలో చూస్తున్నాం, దయచేసి మానండి. ఫ్లష్‌కు ఒక్కసారి వాడి పారేసే 10 మి.లీ. ఆంపుల్ చాలు. ప్రతిసారీ దానిమీద పేరు చదవాలి. పొటాషియం క్లోరైడ్ ఆంపుల్ కూడా చూడ్డానికి అలాగే ఉంటుంది, అది నేరుగా నరంలోకి పోతే గుండె ఆగిపోతుంది.

డిశ్చార్జి కాగితాలు, వాడిన ఇంజక్షన్ సీసాలు వెంట తీసుకెళ్లండి. ఇంకెన్ని రోజులు ఇంజక్షన్లు కావాలో, మాత్రలకు మారొచ్చో అక్కడే అడగండి.